ఇంటి పెద్దలకూ టీకా వేయిద్దాం
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గాలికుంటు టీకాలు వేయడానికి వస్తున్నారంటే మనం తెల్లవారేసరికి పశువులను కట్టేసి సిద్ధంగా ఉంటాం. వానలు పడకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయిస్తాం. రోగం వచ్చాక వేయిస్తే లాభం లేదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఇంట్లోని ముసలివారికి ఫ్లూ టీకా వేయించినవారు ఎందరని మా సంఘ సమావేశంలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

2024 వానాకాలంలో మా సభ్యుడొకరి తండ్రికి జ్వరం, దగ్గు వచ్చాయి. ఆయనకు చక్కెర జబ్బు ఉంది. పడిశమే కదా అని నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచాం. అయిదో రోజు ఊపిరందక పట్నం ఆస్పత్రిలో చేర్చాం. పదకొండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ప్రాణం దక్కింది గాని, పాలిచ్చే గేదెలు రెండు అమ్ముడైపోయాయి.

ఇన్‌ఫ్లుయెంజా మామూలు పడిశం కాదు. 1918లో వచ్చినప్పుడు మన దేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారు. ఈ వైరస్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ పైన వేరే క్రిములు చేరి న్యుమోనియా వస్తుంది. గుండెకూ ముప్పే. ఫ్లూ అని తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం సుమారు 6 రెట్లు ఉంటుందని 2018లో వెలువడిన కెనడా పరిశోధన తెలిపింది. 65 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, చక్కెర, ఉబ్బసం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

టీకా వేయించుకున్నా ఫ్లూ రావచ్చు. ఈ మాట దాచనక్కరలేదు. కాని జబ్బు ముదిరి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం తగ్గుతుంది. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కనుక ఏటా వేయించుకోవాలి. వేసిన రెండు వారాలకు గాని రక్షణ రాదు. అందుకే వానలకు ముందే డాక్టరును అడిగి వేయించడం మంచిది.

జ్వరంతో ఆయాసం వస్తే ఆలస్యం చేయవద్దు. ఫ్లూ మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మనకు దగ్గు, జ్వరం ఉన్నప్పుడు రోగిని పలకరించడానికి ఆస్పత్రికి వెళ్లవద్దు. అక్కడ మంచాన ఉన్నవారికి మన దగ్గే ప్రాణం మీదికి తేవచ్చు.

గాలికుంటు టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. ఫ్లూ టీకాకు చాలామంది సొంత డబ్బే పెట్టుకోవాలి. కనుక మా మనవి ఒకటే. ఈసారి బోనసు పంచే రోజున ప్రతి సంఘంలోనూ ఈ మాట చెప్పండి. ఆ డబ్బులో కొంత ఇంటి పెద్దల టీకాకు పక్కన పెట్టుకుందాం.