పనియే మందు

మదనపల్లె అనగానే పెద్దవారికి ఆరోగ్యవరం స్ఫురిస్తుంది. 1915లో అక్కడ వెలసిన క్షయ చికిత్సాలయానికి డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ ఫ్రిమట్-మోలర్ తొలి అధిపతి. క్షయకు తగిన మందు లేని ఆ రోజులలో విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం ఇవే చికిత్స. అయితే విశ్రాంతికి కూడా ఒక హద్దు ఉన్నదని ఆనాటి వైద్యులు కొందరు గ్రహించారు. ఇంగ్లండులోని ఫ్రిమ్లీ చికిత్సాలయంలో మార్కస్ పాటర్సన్ అనే వైద్యుడు కోలుకొంటున్న రోగులను ముందు కొద్దిదూరం నడిపించి, పిమ్మట బుట్టలు మోయించి, ఆపైన పార పట్టించేవాడు.

అమెరికాలో జార్జి బార్టన్ అనే వాస్తుశిల్పి స్వయంగా క్షయరోగి. శరీరంలో ఎడమభాగం చచ్చుబడగా, తోటపని, వడ్రంగం చేసుకొంటూ కోలుకొన్నాడు. అతడూ మరికొందరూ కలిసి 1917లో ఒక సంఘాన్ని స్థాపించారు. అప్పటినుండి ఈ శాస్త్రం ఆక్యుపేషనల్ థెరపీ అన్న పేరుతో వ్యాపించింది. మనదేశంలో దీనికి తొలి విద్యాలయాన్ని 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శ్రీమతి కమలా నింబ్కర్ ప్రారంభించారు.

తెలుగులో దీనిని వృత్తి చికిత్స అంటున్నాము. ఈ పేరు వినగానే కుట్టుపనియో, బుట్టల అల్లికయో నేర్పి జీవనోపాధి చూపడం కాబోలునని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. వృత్తి అనే మాటకు జీవనాధారమనే అర్థంతోపాటు నడవడి, వర్తన అనే అర్థాలున్నవి. ఈ శాస్త్రంలో పని అంటే మనిషి దినాన్ని నింపే సమస్త వ్యాపారం. స్నానం, భోజనం, వస్త్రధారణ ఒక తరగతి. ఇంటిపని, పొలంపని, ఉద్యోగం రెండవది. వినోదం, విశ్రాంతి మూడవది. పసిబిడ్డకు ఆటయే పని.

పుంగనూరులో మా మేనత్తకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మేమంతా ప్రేమకొద్దీ సంగటి ముద్ద నోటికి అందించాము, తల దువ్వాము, మంచం దిగనీయలేదు. "నన్ను బొమ్మ మాదిరి కూర్చోబెట్టినారు గదరా" అని ఆమె ఒకనాడు కంట నీరు పెట్టుకొన్నది. వేలూరుకు తీసుకొనిపోగా, వృత్తి చికిత్సకురాలు ఆమె చేతిని పట్టి చూడక ముందే ఒక ప్రశ్న వేసింది: "జబ్బు రాకముందు పొద్దున లేచి ఏమేమి చేసేవారమ్మా?" అన్ని నెలలలో మాలో ఒక్కరమూ ఆ ప్రశ్న అడగలేదు.

అత్త చెప్పిన పనులలో అనపకాయల వంట ఒకటి. చికిత్సకురాలు ఆ పనిని భాగాలుగా విడదీసింది. దీనిని పని విశ్లేషణ అంటారు. మొదట కాయలను గుప్పిటతో తీసి బుట్టలో వేయడం. కొన్ని వారాలకు రెండు చేతులా ఒలవడం. చివరకు నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి పితికి పప్పు తీయడం. సులభమైన దానినుండి కష్టమైన దానికి మెట్లవారీగా పోవడం శ్రేణీకరణం. చేయి ఇంకా చేయలేనిదానికి సాధనాన్ని మార్చడం అనుకూలనం. మా అత్త గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేశాము. పొయ్యిని నేలమీదనుండి తీసి అరుగుమీద పెట్టాము. ఇల్లు, పనిముట్లు, ఇంటివారు కలిసి పరిసరం. చికిత్సలో పరిసరానిది సగపాలు.

వ్యాయామ చికిత్స కండకు బలాన్నీ, కీలుకు కదలికనూ ఇస్తుంది. వృత్తి చికిత్స ఆ చేతిని తిరిగి పనికి చేరుస్తుంది. రెండూ కావలసినవే.

వేలూరులోనే డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేశారు. వేళ్లు కదలినవి గాని, పోయిన స్పర్శ తిరిగి రాలేదు. నొప్పి తెలియక చేతులకు గాయాలయ్యేవి. అందుచేత అక్కడ వెలసిన నవజీవ నిలయంలో కొయ్యబొమ్మల తయారీతోపాటు చేతిని కాపాడుకొనే విధానాన్ని కూడా నేర్పారు. కుప్పం ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే రైతుకు చేయి తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినా ఇదే సూత్రం వర్తిస్తుంది. మల్బరీ కొమ్మలు కోసే కొడవలి పిడికి మెత్తని గుడ్డ చుట్టుకోవాలి. పని ముగిసిన తరువాత అరచేతిని కంటితో పరీక్షించుకోవాలి.

మీ యింట ఇటువంటి రోగి ఉంటే వైద్యుని సలహాతో ఆరంభించండి. నొప్పి కలిగేటట్లు బలవంతపెట్టవద్దు. వేడి పాత్రలను స్పర్శలేని చేతికి దూరంగా ఉంచండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు బలహీనమైన చేతికి తొడిగి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతినుండి తీయడం నేర్పండి. ఆయన గుండీ పెట్టుకొనడానికి పది నిమిషాలు పట్టినా పక్కన ఓపికగా కూర్చోండి.

ఆ ఏటి సంక్రాంతికి మా అత్త పితికిపప్పు కూర వండింది. ఉప్పు కొంచెం ఎక్కువైనది. మేమెవ్వరమూ ఆ మాట అనలేదు; ఆమెయే అన్నది, నవ్వుతూ.