కనబడే దారి – కనబడని మీట
(మంథనిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుండి, బతికి ఉన్నామని చెప్పుకోవటానికి కూడా మనలో చాలామంది కంప్యూటరు ముందో, ఫోను ముందో కూర్చుంటున్నాము. ఆ వేళకు కంప్యూటరు మొరాయిస్తే ఏమి చేయాలన్నదే నేను మనవి చేయదలచిన విషయం.

విండోస్ 7 వరకు, కంప్యూటరు లేస్తుండగా ఎఫ్ 8 మీట నొక్కితే ‘సేఫ్ మోడ్’ దొరికేది. అంటే అత్యవసరమైన భాగాలతో మాత్రమే నడిచే స్థితి. ఆ మీట సంగతి తెలిసినవారు చెబితేనే తెలిసేది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి యంత్రం లేచే వేగం పెరిగి, మీట నొక్కటానికి సెకనులో ఐదో వంతు కూడా మిగలటం లేదని మైక్రోసాఫ్ట్ వారే చెప్పారు. కుర్రవాళ్ళకే అందని వ్యవధి మన వేళ్ళకు అందుతుందా? అందుకే ఆ దారిని తెరమీదికి తెచ్చారు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ వరుసగా తెరిచి, ‘అడ్వాన్స్‌డ్ స్టార్టప్’ ఎదుట ఉన్న ‘రీస్టార్ట్ నౌ’ నొక్కాలి. తరువాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. చివరి పట్టికలో 4 నొక్కితే సేఫ్ మోడ్.

మనం కచేరీలలో పనిచేసినవాళ్ళం. ఏ దరఖాస్తుకు ఏ కాగితం జతచేయాలో ఒక్క గుమాస్తాకే తెలిసిన చోట రైతు మూడుమార్లు తిరిగేవాడు. బోర్డు మీద రాసిన చోట ఒక్కమారుతో పని అయ్యేది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను కూడా, అడగకముందే చెప్పమని కార్యాలయాలను ఆదేశించింది. మన మంథనిలో వేదం నోటి నుండి చెవికి వచ్చిన విద్యే. కాని అక్కడ ఎదురుగా గురువు ఉంటాడు. ఎఫ్ 8కు గురువేడి?

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ కనబడే దారి ఇంటి లోపల ఉన్నది, తలుపే తెరుచుకోకపోతే? పాస్‌వర్డు అడిగే తెర వరకు వస్తే, షిఫ్ట్ మీట పట్టుకొని అక్కడి పవర్ గుర్తులో ‘రీస్టార్ట్’ నొక్కవచ్చు. చూశారా, మళ్ళీ రహస్య మీటే! అదీ రాకుండా వరుసగా రెండు మూడుమార్లు లేవలేకపోతే, సాధారణంగా మరమ్మతు తెర దానంతటదే వస్తుంది. కొన్ని యంత్రాలు అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. అది లేకుంటే లోపలి కాగితాలు, ఫోటోలు మనకు దక్కవు.

కనుక పిల్లలకు నా విన్నపం. మీరు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు ఈ మెట్లను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటరు పక్కన అంటించండి. ఆ 48 అంకెలను మాత్రం పెన్షను కాగితాలతో కలిపి బీరువాలో పెట్టండి. నాన్నకు చూపినదంతా అమ్మకూ చూపండి. రేపు కుటుంబ పింఛను కోసం ఆ యంత్రం ముందు ఒంటరిగా కూర్చోవలసినది ఆమే కావచ్చు.