స్పానిష్ తరగతిలో తొలి ప్రశ్నలు

అమెరికా బడుల్లో మన తెలుగు పిల్లలు చాలామంది స్పానిష్ నేర్చుకుంటున్నారు. తరగతిలో మొదట వినిపించే ప్రశ్న ‘కోమో తే యామాస్?’ అంటే ఇంగ్లీషులో ‘వాట్ ఈజ్ యువర్ నేమ్?’ ఆ వెంటనే ‘క్వాంతోస్ ఆన్యోస్ తియేనెస్?’ ఇంగ్లీషువాళ్లు ‘హౌ ఓల్డ్ ఆర్ యూ?’ అంటారు. స్పానిష్‌లో మాత్రం అక్షరాలా ‘ఎన్ని ఏళ్లున్నాయి?’ అనే. మన ‘నీకెన్నేళ్లు?’ లాంటిదే కాబట్టి మన పిల్లలకు ఇది చటుక్కున పట్టుబడుతుంది.

‘ప్వేదో ఇర్ అల్ బాన్యో?’ తప్పకుండా నేర్పండి. ‘మే ఐ గో టు ద బాత్‌రూమ్?’ అని అర్థం. కొత్త పిల్లలకు అన్నిటికన్నా ముందు అక్కరకొచ్చేది ఇదే! తెలియని మాట ఎదురైతే ‘కే సిగ్నిఫీకా?’ అని అడగాలి, అంటే ‘వాట్ డజ్ ఇట్ మీన్?’

అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలకు ఇంగ్లీషులోలాగా ముందు ‘డూ’ చేర్చే పని లేదు, గొంతు పైకి లేపితే చాలు. రాతలో మాత్రం ప్రశ్న మొదట్లో కూడా తలకిందుల ప్రశ్నార్థకం ఉంటుంది. 1754లో స్పెయిన్ రాయల్ అకాడమీ పెట్టిన పద్ధతి ఇది. వాక్యం పొడవుగా ఉన్నా, అది ప్రశ్నని చదివేవారికి ముందే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. పెద్దవారి పేరు అడిగేటప్పుడు ‘కోమో సే యామా?’ అనాలి. నువ్వు, మీరు తేడా అక్కడా ఉంది.