తెల్లని బిడ్డల చూపు



నేను బడిపంతులుగా నున్న కాలమున నా తరగతిలో నొక బాలుడుండెను. తల్లిదండ్రులు చామనచాయవారు. వానికి మాత్రము వెండ్రుకలు జనుపపీచువలె తెల్లగా నుండెను. ఎండలో కన్నులు తెరువలేకుండెను; కనుగ్రుడ్లు ఉయ్యెలవలె అటునిటు నూగుచుండెను. పుస్తకమును ముక్కున కానించుకొని చదివెడివాడు. నల్లబల్లమీది యక్షరములు చదువుమనిన మౌనముగా నిలుచుండెడివాడు. ఒకసారి విన్న పద్యమును మఱునాడు తప్పులేక యప్పగించెడివాడైనను, నేను వానిని మందమతియని యెంచి వెనుక వరుసలో కూర్చుండబెట్టితిని. ఆ తప్పు నాది. నేటి ప్రసంగమున కదియే కారణము.

మేనికి, వెండ్రుకలకు, కన్నులకు రంగు నిచ్చు పదార్థమును వైద్యులు మెలనిన్ అందురు. అది పుట్టుకనుండియు లేకుండుటయో, మిక్కిలి తక్కువగా నుండుటయో ఆల్బినిజము. ఇది బొల్లి కాదు, కుష్ఠు కానేకాదు, ఒకరినుండి యొకరికి అంటదు. గ్రహణమునాడు తల్లి చేసిన పనివలన వచ్చినదనుట వట్టిమాట. సాధారణముగా తల్లియు తండ్రియు నిరువురును తమకు తెలియకయే యీ లోపబీజమును మోయుచున్నప్పుడు, ప్రతి కాన్పునందును నాలుగింట నొకపాలు బిడ్డ కిది కలుగ నవకాశమున్నది. కావున తల్లినొక్కతెను నిందించుట న్యాయము కాదు.

ఇక చూపుమాట. కంటినుండి మెదడునకు సన్నని నాడీతంతువులు పోవును. రెండు కన్నుల తంతువులును త్రోవలో నొక కూడలివద్ద కలిసికొనును. అచ్చట సామాన్యులకు ప్రతికంటి తంతువులలో సగమునకు కొంచెము మించి యెదుటిప్రక్క మెదడునకు దాటును. తక్కినవి తమ ప్రక్కనే సాగును. ఆల్బినిజము గలవారికి దాటవలసినవానికంటె నధికముగా దాటిపోవును. అదిగాక, కంటి వెనుకతెర నడుమ సూక్ష్మదృష్టికి స్థానమైన చిన్ని గుంట చక్కగా నేర్పడదు. అందుచేత కళ్ళజోడు కొంత సాయపడినను చూపు పూర్తిగా బాగుపడదు.

మాటలురాని పసిబిడ్డయందు ఈ త్రోవతప్పుటను కనుగొనుట యెట్లు? మనుష్యుని మెదడునందలి విద్యుత్తరంగములను తలపైనుండియే గుర్తింపవచ్చునని 1929లో జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ ప్రకటించెను. ఆ మార్గముననే 1983లో నెదర్లాండ్సు దేశమున పెట్రీషియా అప్కేరియన్ అను విదుషియు, ఆమె తోడివారును ఆల్బినిజమునకు నిర్ణాయకమైన పరీక్షను వెల్లడించిరి. తల వెనుక కుడియెడమల చిన్న లోహపుబిళ్ళల నంటింతురు. ఒక కన్ను మూసి, రెండవదానికి మెఱపువెలుగునో, గళ్ళబొమ్మనో చూపుదురు. సూదిపోటు లేదు, నొప్పి లేదు. సామాన్యుల మెదడు రెండు ప్రక్కలను ఇంచుమించు సమముగా బదులిచ్చును. ఆల్బినిజమున్నచో కుడికన్ను చూచునపు డెడమప్రక్కయు, ఎడమకన్ను చూచునపుడు కుడిప్రక్కయు ప్రబలముగా పలుకును.

ఇచ్చట వయస్సును గమనింపవలెను. పసివాని మెదడు మెల్లగా బదులిచ్చును, పెరిగినకొలది శీఘ్రమగును. పెద్దలకు గళ్ళు మారిన పిమ్మట సెకండులో పదియవవంతునకు ముఖ్యతరంగము లేచును. శిశువులకు మెఱపుపరీక్షయే ప్రయోజనకారి. బిడ్డ పెరిగినకొలది మెఱపునకు కలుగు నా భేదము తగ్గిపోవును గనుక, పెద్దపిల్లలకు బొమ్మపరీక్ష తగినది. వయస్సెఱుగక పరీక్షించినచో ఉన్న లోపము లేదను భ్రమ కలుగవచ్చును.

ఈ పరీక్ష రోగమును కుదుర్పదు. కాని లోపము చూపుత్రోవయందే కాని బుద్ధియందు లేదని మనకు తెలుపును. మనకు కావలసిన దంతయు నందున్నది. మీ యూర నట్టి బిడ్డ యున్నచో కంటివైద్యునికి చూపింపుడు. బడిలో ముందువరుసలో, కిటికీవెలుగు కంట పడనిచోట కూర్చుండబెట్టుడు. పెద్ద యక్షరముల పుస్తక మిండు. దగ్గర పెట్టుకొని చదివిన వారింపకుడు. ఎండ వాని చర్మమును కాల్చి పుండు చేయును, కాలక్రమమున పుట్టకురుపునకును దారితీయును. కావున నిండుచేతుల చొక్కా, తలకు నీడ, నల్లకళ్ళజోడు తప్పక యుండవలెను.

నా బాలుని విషయమున నా కీ తెలివి యాలస్యముగా కలిగినది. మీకు సకాలమున కలుగుగాక. సెలవు.