పాత తెప్పల బేరము

మన తీరమునఁ గొయ్య తెప్పల స్థానమును నేఁడు ఫైబరు తెప్పలు చాలవఱ కాక్రమించినవి. క్రొత్తదానిఁ గొనలేని కుటుంబములు పాతవానినే కొనుచున్నవి. అప్పు చేసి తెచ్చిన యా సొమ్ము వ్యర్థము కాకుండుటకై రెండు మాటలు విన్నవించెదను.

ఒక తెప్పకుఁ గ్రొత్త రంగును మంచి ఇంజనును గలవనుకొందము, రెండవది వెలసినది, ఇంజను పాతది, వెల సమానము. దేనిఁ గొనవలెను? ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, ఇంజను తెప్పలకు వేఁట నిషిద్ధమైన 61 దినములలో, రెంటి నొడ్డునఁ బెట్టి పరీక్షింపుఁడు. చిన్న కొయ్యసుత్తితో నొడలంతయుఁ దట్టుఁడు. గట్టి ధ్వని మేలు. మందమైన ధ్వని వచ్చినచోఁ బొరలు విడిపోయినవని శంకింపవలెను. ఇంజను తగిలించు వెనుక పలకలోఁ గొయ్య యున్నచో, నీరు చొచ్చి కుళ్ళినదేమో చూడుఁడు. క్రొత్త రంగు పాత పగుళ్లను గప్పిపుచ్చఁగలదు. రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యయుఁ దెప్పపై సంఖ్యయు నొకటిగా నుండవలెను.

ఒడలు గట్టిదైనచో వెలసిన తెప్పయే మేలు. ఇంజను నొడ్డున బాగుచేయించుకొనవచ్చును. నడిసంద్రమున నొడలు విచ్చినచో నెక్కిన వారందఱికిఁ బ్రాణాపాయము. బేరము తెగకమునుపు ఇంటి స్త్రీలతోఁ గూడ నాలోచింపుఁడు. అప్పు తీర్చుటలో వారి చేపల గంపకును భాగము గలదు.