రాజ్యాంగ సవరణలో రాష్ట్రాల మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఏదైనా తేలిక విషయం మాట్లాడమని కార్యదర్శిగారు సెలవిచ్చారు. నేను రాజ్యాంగం ఎంచుకున్నాను. ఆయన నన్ను మన్నించాలి. నేను న్యాయవాదిని కాను. మెట్రిక్కుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. అయితే రూళ్ల పుస్తకాలతో కాపురం చేసేవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. రూలు ఏమి చెబుతున్నదనేది సగం మాటే. దానిని మార్చే అధికారం ఎవరి చేతిలో వున్నదనేది మిగతా సగం. మా దగ్గర మార్పులన్నీ కరెక్షన్ స్లిప్పులుగా పైనుంచి వస్తాయి, మేము బంక పూసి అంటిస్తాము. కిందివారు ప్రతిపాదన పంపవచ్చు. పంపి, ఎదురుచూడవచ్చు.

అమెరికావారి పద్ధతి వేరు. 1787లో వారు వ్రాసుకున్న రాజ్యాంగంలో అయిదవ అధికరణం వున్నది. మూడింట రెండు వంతుల రాష్ట్రాల శాసనసభలు, అనగా ఈనాటి 50లో 34, కోరితే చాలు, సవరణలు ప్రతిపాదించడానికి కేంద్ర శాసనసభ ఒక ప్రత్యేక మహాసభను పిలిచి తీరాలి. ఆ సభ చేసిన సవరణను మళ్లీ 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. తమాషా ఏమంటే, 230 ఏళ్లు దాటినా ఈ దారిలో ఆ సభ ఒక్కసారైనా జరగలేదు. అయినంతమాత్రాన అడగడం వృథా కాలేదు. వారి సెనేటర్లను పూర్వం రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. ప్రజలే ఎన్నుకోవాలని రాష్ట్రాలు ఒకదాని తరువాత ఒకటి మహాసభ కోరుతూ తీర్మానాలు పంపడంతో, కేంద్ర శాసనసభ 1912లో తానే సవరణను ప్రతిపాదించింది. 1913లో అది అమలులోకి వచ్చింది. పిల్ల అలిగి గుమ్మం దాటబోతుంటే తల్లి పిలిచి లడ్డు ఇచ్చినట్లు.

మన 368వ అధికరణంలో ఇటువంటి గుమ్మమే లేదు. సవరణ బిల్లు పార్లమెంటులోనే పుట్టాలి. రాష్ట్రాల అధికారాలకు సంబంధించిన కొన్ని విషయాలలో మాత్రం సగం రాష్ట్రాల శాసనసభలైనా ఆమోదించాలి, 2016లో జి.ఎస్.టి. సవరణ అట్లాగే జరిగింది. అవునని అనవచ్చు, కాదనీ అనవచ్చు. మొదటి మాట మాత్రం మనది కాదు.

రాష్ట్రం మొదటి మాట అనగల విషయం ఒకటున్నది: శాసనమండలి వుండాలా వద్దా అనేది. 169వ అధికరణం ప్రకారం శాసనసభ తీర్మానం చేయాలి, పార్లమెంటు చట్టం చేయాలి. (దీనిని రాజ్యాంగ సవరణగా లెక్కించరట!) ఆంధ్రప్రదేశ్ మండలి కథ మీకు తెలిసినదే. 1958లో వచ్చింది. రామారావుగారు వద్దనగా 1985లో పోయింది. 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం పంపింది. ఢిల్లీ చట్టం చేయకముందే 2021 నవంబరులో తీర్మానాన్నే ఉపసంహరించుకున్నది. పార్లమెంటు ఇన్నాళ్లలో జవాబు చెప్పాలని ఎక్కడా లేదు గనుక, ఫైలు ఫైలుగానే వుండిపోవచ్చు. మావంటివారికి ఇది క్రొత్త కాదు.

రాష్ట్రాలు ఊరుకున్నవా? లేదు. 1969లో తమిళనాడు ప్రభుత్వం రాజమన్నార్ గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆయన మన తెలుగువారు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు, తెలుగులో నాటకాలు వ్రాసినవారు. రాష్ట్రపతి పాలనకు వీలిచ్చే 356వ అధికరణాన్నే తీసివేయమని 1971లో ఆ సంఘం చెప్పింది. ఢిల్లీ దానిని అమలుపరచలేదు.

అసలు కదలిక మన బెంగుళూరులోనే వచ్చింది. 1983 మార్చి 20న ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు దక్షిణాది ముఖ్యమంత్రులను ఇక్కడికి పిలిచారు. రామారావుగారు వచ్చారు, ఎం.జి. రామచంద్రన్ గారు వచ్చారు, పుదుచ్చేరి ముఖ్యమంత్రి వచ్చారు; కేరళ రాలేదు. ఉగాదినాడు మనం రాశిఫలంలో ఆదాయమెంత, వ్యయమెంత అని వింటాం గదా, వారూ ముఖ్యంగా దానినే చర్చించారు: వ్యయం రాష్ట్రానిది, ఆదాయం కేంద్రానిది అయితే ఎట్లా అని. నాలుగు రోజులు తిరగకుండానే ఇందిరాగాంధీగారు పార్లమెంటులో, న్యాయమూర్తి సర్కారియా అధ్యక్షతన కేంద్ర రాష్ట్ర సంబంధాలపై కమిషన్ వేస్తున్నట్లు ప్రకటించారు. దాని నివేదికలో 247 సిఫార్సులున్నవి. వాటిలో ఒకదాని ఫలమే 1990లో ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి. అధికారం లేనివారు ఒక బల్ల చుట్టూ కూర్చున్నందుకే ఇంత జరిగింది.

అందుచేత మనకూ రాష్ట్రాల మహాసభ కావాలని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఇన్ని రాష్ట్రాలు కలిసి ఒక సవరణ ప్రతిపాదిస్తే పార్లమెంటు ఏడాదిలోగా చర్చించి అవుననో కాదనో చెప్పి తీరాలనే నిబంధన వుండవలసిందే. రాజ్యాంగమంతా విప్పి కూర్చునే మహాసభ మాత్రం నాకు భయం. ఆ భయం మనకోసమే.

ఆలోచించండి. ఆ సభలో మన పక్షాన ఎవరు కూర్చుంటారు? ఆంధ్ర, తెలంగాణ ప్రతినిధులా? మన వోటు అక్కడ లేదు. కర్ణాటక ప్రతినిధులా? వారు మనవారే, ఈ వూరు మనకు అన్నం పెట్టింది. అయినా రాష్ట్రం పేరిట మాట్లాడేవారు ముందు ఆ రాష్ట్రపు పెద్ద భాష మాటే మాట్లాడుతారు. హైదరాబాదులోని కన్నడిగుల సంగతీ ఇంతే. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్న న్యాపతి మాధవరావుగారు బందరులో పుట్టి మైసూరుకు దివానుగా చేసినవారు. ఈనాటి లెక్కన ఆయనను ఏ రాష్ట్రపు బల్లమీద కూర్చోబెట్టేవారు?

మనకున్న రక్షణ ఎక్కడిదో చూడండి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో దేశపటమంతా మారింది. గీత ఎక్కడ గీసినా కొందరు అవతల మిగిలారు, బళ్లారిలో, కోలారులో. అప్పుడు ఏడవ సవరణతో 350ఎ, 350బి అనే రెండు అధికరణాలు చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పే సౌకర్యం కలిగించడానికి ప్రయత్నించాలనేది మొదటిది. ఈ రక్షణల అమలును విచారించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారి వుండాలనేది రెండవది. 1950 నాటి రాజ్యాంగంలో ఇవి లేవు. వీటిని బలంగా అమలు చేయడం లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని రాష్ట్రాల మధ్య బేరం సాగే చోట వీటిని అడిగేవారు లేకపోతే, ఉన్న కాస్తా మిగులుతుందా?

తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ అధ్యక్షతన రాష్ట్రాల హక్కులపై మళ్లీ ఒక సంఘాన్ని వేసింది. ఇటువంటి సంఘాలు ఇంకా వస్తాయి. కమిషన్లు ప్రశ్నావళులు పంపుతాయి, అభిప్రాయాలు తీసుకుంటాయి. అప్పుడు మన సంఘం పక్షాన ఒక వినతిపత్రం వెళ్లాలి: రాష్ట్రాలకు ఏ అధికారం పెంచినా 350ఎ, 350బి జోలికి పోరాదనీ, భాషా అల్పసంఖ్యాకుల మాట వినకుండా ఏ సవరణా ప్రతిపాదించరాదనీ. దానిని తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాయాలి. నా కన్నడ వ్రాత అంతంత మాత్రమే; ఇక్కడి బళ్లలో చదివిన మన పిల్లలకు అది చక్కగా వచ్చును. టైపు పని నేను చేసిపెడతాను.