బడి బట్టలు – ఇంటి బట్టలు
(వేములపల్లిలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, వైద్య సౌకర్యం గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నన్ను కూడా రూల్సు మీదనే మాట్లాడమన్నారు. ముప్పై ఆరేండ్లు రూల్సుతోనే కాలక్షేపం చేసినవాణ్ణి, ఈ ఒక్క రోజు వదిలేయండి అని బతిమాలుకున్నాను. నేను మాట్లాడబోయేది చాలా చిన్న విషయం. బడి నుండి వచ్చిన పిల్లలు యూనిఫాం విప్పి వేరే బట్టలు వేసుకోవాలా, అక్కరలేదా? నవ్వకండి. మీ ఇండ్లల్లో కూడా సాయంత్రం పూట ఈ పంచాయితీ నడుస్తున్నదని నాకు తెలుసు.

మా ఇంట్లో సంగతి చెపుతాను. మా మనుమడు ఐదో తరగతి. నాలుగున్నర దాటాక స్కూలు వ్యాను గేటు ముందు ఆగుతుంది. సంచి ఒక మూలకు, బూట్లు ఒక మూలకు పోతాయి. వాడు టై, బెల్టుతో సహా మంచం మీద వాలి సెల్లు పట్టుకుంటాడు. మా ఇంటామె వంటింట్లో నుండి "బట్టలు విప్పరా" అంటుంది. "ఐదున్నరకు ట్యూషనుంది నానమ్మా, మళ్లీ ఇవే వేసుకోవాలె కదా" అంటాడు వాడు. మా కోడలు ఏమో "పోనీ లెండి అత్తమ్మా, రెండు జతల బట్టలు ఉతకాలంటే నాకూ కష్టమే" అంటుంది. మూడు వాదనలకూ న్యాయం ఉన్నది. నేను మాత్రం మొదటి నుండీ మా ఇంటామె పక్షమే. విప్పవలసిందే అంటాను.

ఆ పట్టుదల నాకు ఎక్కడ నుండి వచ్చిందో చెప్పాలి. నేను ఇదే ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో చదివినప్పుడు యూనిఫాం అనే మాటే వినలేదు. ఎవరికి ఉన్న అంగీ లాగు వారు వేసుకొచ్చేవారు. అంగీకి గుండీలన్నీ ఉంటే వాడు ఉన్నవాళ్ల పిల్లవాడని లెక్క. 1962లో ఆరో తరగతికి మిర్యాలగూడ పోయి మా మేనత్త ఇంట్లో ఉండి చదివాను. అక్కడ ఖాకీ లాగు, తెల్ల అంగీ. మా నాయిన ఒకే ఒక జత కుట్టించాడు, అదీ రెండేండ్లకు సరిపోయేటట్టు. లాగు మోకాళ్ల కిందికి వచ్చేది. మా మేనత్త నేను గడపలో కాలు పెట్టగానే "విప్పు" అనేది. తరువాతనే మంచినీళ్లు. అంగీ దండెం మీదికి పోయేది, నేను మా మామ పాత ధోవతి ముక్క చుట్టుకునేవాణ్ణి. శనివారం రాత్రి ఉతుకుడు, ఆదివారం ఎండుడు, సాయంత్రం ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ. తెల్ల అంగీకి నీలిమందు ఎక్కువయిన వారం నేను ఆకాశం రంగులో బడికి పోయేవాణ్ణి. వర్షాకాలంలో ఎండకపోతే తడి బట్టలతోనే పోయి ప్రార్థనలో నిలబడిన రోజులు కూడా ఉన్నాయి.

అప్పుడు మా ప్రాంతమంతా మెట్ట. జొన్న, ఆముదం, దుమ్ము. దుమ్ము దులిపితే పోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పుడు నేను నాలుగేండ్ల పిల్లవాణ్ణి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ నీళ్లు మా పొలాలకు వచ్చాక జొన్న పోయి వరి వచ్చింది, దుమ్ము పోయి బురద వచ్చింది. ఎడమ కాల్వ చరిత్ర ఎందరో రాశారు గాని, తెల్ల అంగీల మీద బురద మరకల గురించి ఎవరూ రాసినట్టు లేదు. మా తమ్ముడు బడి నుండి నేరుగా కాల్వ గట్టుకు పోయి ఆ మరకలతో ఇంటికి వచ్చి మా అమ్మ చేత తిన్న దెబ్బలు నాకింకా గుర్తు. బట్ట మీద ప్రేమ కాదు అది. ఇంకొక బట్ట లేదన్న భయం.

తరువాత నేను ఉద్యోగంలో చేరాను. 1973లో ఎల్.డి.సి. ఆ రోజుల్లో తాలూకా ఆఫీసులో అటెండర్లకు ఖాకీ దుస్తులు, భుజం మీదుగా దవాలీ, దానికి ఇత్తడి బిళ్ళ. ఒక పెద్దాయన ఉండేవాడు, ఐదు గంటలు కొట్టగానే ఖాకీ కోటు విప్పి, దులిపి, రికార్డు గది మేకుకు తగిలించి, తన పంచె సర్దుకొని ఇంటికి పోయేవాడు. తోటివాళ్లు ఖాకీ మీదనే పోయేవారు, బస్సులో, అంగట్లో మర్యాద దొరుకుతుందని. "నువ్వెందుకు విప్పుతావు?" అని అడిగితే "అయ్యా, ఇది వేసుకొని ఇంటికి పోతే మా ఆడమనిషి పిలిచినా 'వస్తున్న సార్' అంటానేమోనని భయం" అన్నాడు. మేమంతా నవ్వాము. కాని ఆ మాటలో విషయమున్నది. బట్ట మార్చినప్పుడే ఆయనకు ఆ రోజు నౌకరీ అయిపోయేది. మన పిల్లలకు బడి ఎప్పుడు అయిపోతున్నది? వ్యాను దిగినా అయిపోదు, ట్యూషనులో అయిపోదు, రాత్రి హోంవర్కు దగ్గర కూడా మెడలో టై వేలాడుతూనే ఉంటుంది.

ఆరోగ్యం సంగతి రెండు మాటలు. నేటి యూనిఫాం బట్టలో నూలు తక్కువ, పాలిస్టరు ఎక్కువ. మన నల్లగొండ ఎండలకు చెమట పట్టి, ఆరక, ఒంటికి అతుక్కుంటుంది. తడిగా, బిగుతుగా ఉన్నచోట తామర పాకుతుంది. ఒకరి తువ్వాలు ఒకరు వాడితే ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. సాక్సుల సంగతి మీ ముక్కులకే తెలుసు. కాబట్టి కాళ్లు, చేతులు, ముఖం కడుక్కొని వదులు బట్టలు వేసుకోవాలనే పెద్దల మాట తప్పేమీ కాదు.

ఇంతవరకు నేను చాలా ధీమాగా ఉన్నాను. మొన్న బతుకమ్మ పండుగకు మా పెద్దబిడ్డ వచ్చేదాకా ఉన్నాను.

ఆ సాయంత్రం ఆమె వరండాలో కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. నేను మనుమడి మీద కేకలు వేస్తున్నాను. "బడి బట్టలతో అంగడికి పోతావురా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను. నా బిడ్డ నవ్వి, తల ఎత్తకుండానే, "నాయినా, హుజూర్‌నగర్ పెండ్లి గుర్తుందా?" అన్నది.

గుర్తు లేదు. ఆమె చెప్పింది. 1990, శ్రావణం. మా ఇంటామె చెల్లెలి పెండ్లి. ఆమె చిన్నపిల్లలను తీసుకొని రెండు రోజుల ముందే వెళ్లింది. పెద్దబిడ్డకు బడి ఉన్నదని, శనివారం మధ్యాహ్నం నా వెంట తీసుకొని రావాలని ఏర్పాటు. బిడ్డ అప్పుడు ఎనిమిదో తరగతి. ముఖం కడుక్కొని, రెండు జడలకు రిబ్బన్లు కట్టుకొని, నీలం లంగా, తెల్ల జాకెట్టుతో బయలుదేరి నిలబడింది. నేను "పెండ్లికి యూనిఫాంతో వస్తావా? ఆఫీసులో పనిచేసేవాని బిడ్డవు, నా పరువేం కావాలె? పోయి మార్చుకో" అన్నాను. లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. బస్సు వేళయింది. చివరకు తలుపు చాటు నుండి "కడుపు నొస్తున్నది, నేను అవ్వ దగ్గరనే ఉంట" అన్నది. నేను సరే అని ఒక్కణ్ణే పోయాను. భోజనం కూడా బాగా చేసి ఉంటాను.

"కడుపు నొప్పి లేదు నాయినా. ఉగాది లంగా పొట్టిదైతే చెల్లెకిచ్చినం. ఇంకొకటి అంచు చినిగి మాటు వేసింది. ఇంట్ల నాకున్న మంచి బట్ట అదొక్కటే" అన్నది. అంటూనే చిక్కుడుకాయలు చాటలో పోసుకొని లోపలికి పోయింది. ఆమెకు కోపం లేదు. ఆమెకూ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఊరికే గుర్తుకొచ్చి చెప్పింది, అంతే.

అయ్యా, నేను ఆఫీసులో ప్రతి మార్చి నెలలో డెడ్ స్టాకు రిజిస్టరు తనిఖీ చేసినవాణ్ణి. విరిగిన కుర్చీలు ఎన్ని, పనికిరాని గోడ గడియారాలు ఎన్ని, అన్నీ లెక్కపెట్టి సంతకం చేసినవాణ్ణి. నా ఇంట్లో ట్రంకు పెట్టెలో నా బిడ్డకు ఎన్ని జతల బట్టలున్నాయో నాకు తెలియదు. అది అడగవలసిన విషయమని కూడా తోచలేదు. రాత్రి మా ఇంటామెతో చెప్పుకుంటే, "నాకు పెండ్లి నుండి వచ్చిన రోజే తెలిసింది. నా అంచు చీర కోసి దానికి లంగా కుట్టించిన. మీరు చూసిండ్రు గూడా, ఎక్కడిది అని మాత్రం అడుగలే" అన్నది. ముప్పై అయిదేండ్లు ఈ తల్లీబిడ్డలు నాకు ఈ మాట చెప్పకుండా దాచారు. నా మీద దయతో దాచారో, చెప్పినా వినడనుకున్నారో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మరునాటి నుండి నేను వీధిలో పిల్లలను వేరే చూపుతో చూస్తున్నాను. ప్రభుత్వ బడి పిల్లలు సాయంత్రం ఆరింటికి కూడా యూనిఫాంలోనే కబడ్డీ ఆడుతుంటారు, కిరాణా కొట్టుకు వస్తారు, బర్రెలను తోలుకొస్తారు. ఇదివరకు నేను ఆపి గద్దించేవాణ్ణి. మొన్న ఒక పిల్లవాణ్ణి మెల్లగా "ఇంటికి పోయి మార్చుకోలేదేమి రా?" అన్నాను. "ఇదే మంచిగున్నది తాతా" అన్నాడు. ఇంక నేనేమీ అడగలేదు. బియ్యం మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో పనికి దూరదేశాల నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా మన చుట్టుపక్కల ఉన్నారు. సంవత్సరమంతటికీ వాళ్లకు కొత్తగా దొరికే బట్ట చాలాసార్లు బడి ఇచ్చే బట్టే.

ఈ యూనిఫాం పుట్టుక కూడా అట్లాంటిదేనట. ఇంగ్లండులో 1552లో పేద పిల్లల కోసం లండనులో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే ధర్మ పాఠశాల పెట్టి, నీలం రంగు పొడవాటి కోటు ఇచ్చారు. ఇప్పటికీ ఆ బడి పిల్లలు దాన్నే వేసుకుంటున్నారని మా మనుమరాలు చదివి చెప్పింది. బట్ట లేనివానికి బట్ట ఇవ్వడంతో మొదలయినది, టై బెల్టుల దాకా వచ్చింది. శుక్రవారం ఒక రంగు, శనివారం తెల్లది అని ఒక ప్రయివేటు బడి వాళ్లు మా చేత మూడు రకాలు కొనిపించారు. పేరు ఎందుకు లెండి.

మన దేశంలో ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. సర్వశిక్షా అభియాన్ కింద ఏడాదికి రెండు జతలు, దానికి పిల్లవానికి 400 రూపాయల లెక్క పెట్టారు. 2018-19 నుండి 600 చేశారు. మన రాష్ట్రంలో 2024లో కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. మంచిదే. ఈ రోజు మనం పండుగ చేసుకుంటున్నది ఎందుకు? 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు ఇచ్చినందుకు. ఆ పిల్లల రెండు జతలు కూడా అటువంటివే. అయితే ఆ రెండూ బడి బట్టలే. ఇంటికి వచ్చి విప్పితే వేసుకోవడానికి మూడవది ఎవరు ఇవ్వాలో ఏ జీవోలోనూ లేదు.

నా అభిప్రాయం మారలేదు. పిల్లలు బట్టలు మార్చుకోవాలనే ఇప్పటికీ అంటాను. మా మనుమడికి అలమారు నిండా ఉన్నాయి, వాడు మార్చుకోవలసిందే. నిన్నటి నుండి మార్చుకుంటున్నాడు కూడా, మా అత్త మాట విన్నాను గాని నీ మాట వినలేదు తాతా అని చెప్పి మరీ. కాని ఇంకొకరి పిల్లవాణ్ణి గద్దించే ముందు వాని ఇంట్లో దండెం మీద ఏమున్నదో తెలుసుకొని గద్దిస్తాను.

మన సంఘం ప్రతి జూన్‌లో బడి పిల్లలకు నోటు పుస్తకాలు, పెన్నులు ఇస్తున్నది. వచ్చే జూన్‌లో వాటితో పాటు ఇంటి బట్టలు ఇద్దామని నా ప్రతిపాదన. మగపిల్లలకు ఒక టీ షర్టు, లాగు. ఆడపిల్లలకు వయసును బట్టి గౌను గాని, పంజాబీ డ్రెస్సు గాని. మన ఇండ్లల్లో విడిచిన పాతవి వద్దు, కొత్తవే. ఎవరికి అవసరమో ప్రధానోపాధ్యాయులను విడిగా అడుగుదాము, అందరి ముందు పేర్లు పిలవవద్దు. ఫ్లెక్సీ వద్దు, ఫొటో వద్దు. కొలతలు ఊళ్లో దర్జీ తీసుకుంటానన్నాడు. నూలు బట్ట అయితే మేలు. రంగు మాత్రం దయచేసి నీలం, తెలుపు కాకుండా చూడండి.

కార్యవర్గం ఆమోదిస్తుందో లేదో తెలియదు. నా వంతు మాత్రం ఈ నెల పెన్షను నుండి కోశాధికారి గారికి ఉదయమే కట్టాను. రసీదు కూడా తీసుకున్నాను. పాత అలవాటు కదా.

సెలవు.